మూడో రెప్ప

నీలం.

గోడ మీద నీలం వణుకుతుంది. సున్నం పెచ్చులు లేచిన గోడ, దానికి ఆనించిన ఇనుప ఊచలు, ఊచల సందుల్లో బూజు... అన్నీ ఒక్క రెప్పపాటు నీలం. మళ్ళీ మామూలు గోడ. మళ్ళీ నీలం.

కాలిన ఇనుము వాసన. నాలుక మీద మేకు పెట్టుకున్నట్టు ఒక రుచి.

"కళ్ళు!"

వెల్డరు కేక అది. రాడ్డు ఇనుముకి తగిలించే ముందు ప్రతిసారీ అలాగే అరుస్తాడు. అరిచాక ముసుగు దించుకుంటాడు. దించుకున్నాక రాడ్డు తగిలిస్తాడు. జ్వరమొచ్చినా, ఇంట్లో గొడవైనా, ఆ వరస మాత్రం తప్పదు.

ఆ కేక వింటే షెడ్డులో ఉన్నవాళ్ళు మొహం తిప్పుకోవాలి. గేటు కొలతలు చెప్పడానికి వచ్చినాయన తిప్పుకుంటాడు. ఎదురుగా సైకిల్ షాపు నడిపే ఆయనా తిప్పుకుంటాడు — నోరు మాత్రం ఆపడు. వెనక వంటింట్లోంచి వచ్చిన ఇంటావిడ గడపలోనే ఆగి, అటు తిరిగి నిలబడుతుంది.

ముసుగు లోపల వెల్డరుకి ఇవేవీ కనిపించవు. నల్లద్దం వెనక అంతా చీకటి. ఆ చీకట్లో ఒక్క చుక్క వెలుగు. చుక్క కింద కరుగుతున్న ఇనుము. చుట్టూ ఎవరున్నారో, ఎటు తిరిగారో అతనికి తెలియదు.

తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు కూడా.

షెడ్డులో ఒక కుక్క ఉంది.

నల్లది. ఎంత నల్లదంటే, బొగ్గుల బస్తా పక్కన పడుకుంటే తోక ఊపేదాకా కనపడదు. పాత ఇనుము తెచ్చిన బండిలో, రేకుల మధ్య దొరికింది. కళ్ళింకా సరిగ్గా తెరవని కూన. ఇంటావిడ దూది ముంచి పాలు పిండి బతికించింది. మసి అని పేరు పెట్టింది.

ఆవిడకి మసి 'వాడు'. వెల్డరుకి మసి 'అది'.

"దానికి పక్కెందుకే, గోనెసంచి చాలదూ?" అనేవాడు.

"వాడికి చలి" అనేది ఆవిడ. అక్కడితో ఆ చర్చ ముగిసేది.

అలాంటి ఆవిడ ఊరెళ్ళింది. చెల్లెలి కాన్పు. వెళ్ళేముందు పప్పుడబ్బా ఎక్కడుందో చెప్పింది, గ్యాసు ఎలా కట్టాలో చెప్పింది. చివరికి గడప దాటి, మళ్ళీ వెనక్కి వచ్చి చెప్పింది.

"వాణ్ని కళ్ళల్లో పెట్టుకుని చూసుకోండి."

"నేనేమన్నా పరాయివాణ్నా?" అన్నాడు వెల్డరు.

ఆవిడ మసి తల నిమిరి, సంచి ఎత్తుకుంది.

రోజూ సాయంత్రం ఆవిడ ఫోను.

"మసిగాడు తిన్నాడా?"

"తిన్నది."

"మీరు తిన్నారా?"

ఆ ప్రశ్నల వరస అతను గమనించాడు. గమనించి, ఊరుకున్నాడు.

ఆవిడైతే మసికి పట్టీ వేసి రోడ్డు చివరిదాకా నడిపించుకుని వచ్చేది. వెల్డరుకి అంత ఓపిక లేదు. వెనక తలుపు తీసేవాడు. వెనక ఖాళీ స్థలం. అందులో మోకాలెత్తు గడ్డి, ఎండి పచ్చదనమంతా పోయిన గడ్డి. మసి అందులో పడి పరుగెత్తేది. తల పైకి... తల లోపలికి... గడ్డి కదలడం తప్ప కుక్క కనపడేది కాదు. కాసేపటికి ఒళ్ళంతా గింజలు అంటించుకుని వచ్చేది. వెల్డరు చేత్తో దులిపేవాడు. పైపైన.

పాపం, కుక్క కూడా సంతోషంగానే ఉండేది. ఆ మాట చెప్పాలి.

ఒక పొద్దున మసి ఎడమ కన్ను తెరవలేదు.

తెరిచింది — సగం. మళ్ళీ మూసుకుంది. కంటి మూల నుంచి నీళ్ళు. నల్లటి బొచ్చు మీద తడి చార ఒకటి, ముక్కుదాకా. ముందుకాలితో కన్ను రుద్దుకుంటోంది. రుద్దుకుని, మొహాన్ని గోనెసంచికేసి రాస్తోంది. గడపలోంచి ఎండ లోపలికి రాగానే తల పక్కకి తిప్పేసి, బల్ల కిందకి వెళ్ళి పడుకుంది.

వెల్డరు వంగి చూశాడు. రెప్ప లాగి చూశాడు. ఎర్రగా ఉంది.

అతనికి వెంటనే తెలిసిపోయింది.

"వెలుగు కొట్టింది" అన్నాడు.

తెలియకేం? ఆ బాధ అతను పడినవాడే. పని నేర్చుకునే రోజుల్లో ముసుగు దించడం ఆలస్యమై, ఒక రాత్రంతా కళ్ళల్లో ఇసుక పోసినట్టు గింజుకున్నవాడే. నీళ్ళు కారడం, ఎరుపు, వెలుతురంటే భయం... అచ్చం అదే. వెల్డర్ల ఇళ్ళల్లో ఎవరి కన్ను ఎర్రబడినా మొదటి మాట అదే. పసిపిల్ల కన్ను ఎర్రబడినా అదే అంటారు.

అతని దగ్గర మందు ఉంది. రాడ్ల అట్టపెట్టె వెనక, చిన్న సీసా. ఎప్పుడో కంటి డాక్టరు అతని కంటికి రాసింది. తర్వాత ఖాళీ సీసా చూపించి అదే కొనుక్కుంటూ వస్తున్నాడు. రెండు చుక్కలు పడితే చాలు, ఎరుపు దిగిపోతుంది. సైకిల్ షాపాయన కూడా ఒకసారి వేయించుకున్నాడు. వేయించుకున్న దగ్గర్నుంచీ ఆ మందుకి ఆయనే పెద్ద సాక్షి.

"మనిషి కన్నయితేనేం, కుక్క కన్నయితేనేం? కన్ను కన్నే" అన్నాడాయన, రిమ్ము తిప్పుతూ.

వెల్డరు చుక్కలు వేశాడు.

సాయంత్రానికి ఎరుపు తగ్గింది.

నిజంగానే తగ్గింది. కన్ను ముప్పాతిక తెరుచుకుంది. నీళ్ళు కూడా అంత కారడం లేదు. వెల్డరు మీసం దువ్వుకున్నాడు. ఫోను వచ్చినప్పుడు గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

"కన్ను కాస్త ఎర్రబడిందిలే. మందు వేశాను. తగ్గిపోయింది."

"ఏం మందు?"

"ఉందిలే... కంటి మందే."

అవతలి నుంచి చంటిపిల్ల ఏడుపు వినిపించింది. ఆవిడ "సరే" అని పెట్టేసింది.

మర్నాడు కంటి మీద పొర.

పలచటి పొర. నల్లగుడ్డు మీద ఎవరో పాలచేత్తో తడిమినట్టు. వెలుతురులోకి తిప్పి చూస్తే — నీలం. మూలల్లో ఇప్పుడు నీళ్ళు కావు. చిక్కగా, పచ్చగా, పసుపుగా ఏదో కారి, ఎండి, రెప్పల్ని అతికించేస్తోంది. మసి తిండి ముట్టలేదు. బల్ల కింద చీకట్లో తల గోడకి ఆనించి పడుకుంది. పిలిస్తే తోక ఒక్కసారి కదిలింది.

వెల్డరు ఇంకో రెండు చుక్కలు వేశాడు.

తగ్గలేదు కదా, అందుకని ఇంకో రెండు.

ఆ సాయంత్రం ఫోను మోగితే ఎత్తడానికి కాసేపు పట్టింది. మసిగాడు తిన్నాడా? తిన్నది. మీరు తిన్నారా? తిన్నాను. రెండూ అబద్ధాలే. రేపో ఎల్లుండో వచ్చేస్తానంది ఆవిడ. చెల్లెలు లేచి తిరుగుతోందట, పిల్ల బాగుందట, పిల్ల కళ్ళు ఇంత పెద్దవట.

ఆ రాత్రి అతనికి పడుకోబుద్ధి కాలేదు.

పశువుల ఆసుపత్రిలో వరండా నిండా జనం. ఒక మేక. బుట్టలో పిల్లి. సంచిలోంచి తల బయటపెట్టిన కోడి. వెల్డరు మసిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అంత దగ్గరగా ఆ కుక్కని పట్టుకోవడం అతనికి ఇదే మొదలు. బరువుగా ఉంది. వెచ్చగా ఉంది. గుండె టపటపా కొట్టుకుంటోంది — ఎవరిదో తెలియలేదు.

డాక్టరమ్మ మాట తక్కువ మనిషి. చెయ్యి మాత్రం తొందరపడదు. ఇనుప బల్ల మీద మసిని కూర్చోబెట్టమంది. ముందు మంచి కన్ను చూసింది. తర్వాత రెండోది.

"ఎప్పట్నుంచి?"

చెప్పాడు.

"ఏవైనా చుక్కలు వేశారా?"

వెల్డరు చూపు కిందకి దించాడు. బల్ల కాలి దగ్గర అతుకు ఒకటి కనిపించింది. పని రానివాడెవడో వేసిన అతుకు, అంతా ముద్దలు ముద్దలుగా. దాన్నే చూస్తూ చెప్పాడు.

"లేదండీ. నీళ్ళతో కడిగానంతే."

ఆవిడ తలూపింది. ఒక కాగితపు ముక్క తీసింది. సన్నటిది, కొన నారింజ రంగు. దాన్ని తడిపి కంటికి తాకించింది. కంట్లోంచి నారింజ కారింది. కడిగింది. గదిలో దీపం ఆర్పి, చేతిలో చిన్న టార్చి వెలిగించింది.

నీలం వెలుగు.

ఆ వెలుగులో మసి కంటి మధ్య ఒక పచ్చటి మడుగు మెరిసింది. చిగురాకు పచ్చ. ఎంత అందంగా ఉందంటే, వెల్డరు ఒక్క క్షణం దాని అర్థమేమిటో అడగడం మర్చిపోయాడు.

"కంటి పైపొర బాగుంటే ఈ రంగు నిలవదు. పుండు ఉన్నచోటే పట్టుకుంటుంది" అంది డాక్టరమ్మ. "ఇదంతా పుండే."

అంతా పచ్చగా ఉంది.

ఆవిడ తిమ్మిరి చుక్కలు వేసింది. మసి కొంచెం నెమ్మదించింది. చిన్న పటకారుతో కంటి లోపలి మూల నుంచి ఒక రెప్పని పైకి లాగింది. పై రెప్ప కాదు, కింది రెప్ప కాదు. గులాబి రంగులో, తడిగా, ఇంకొకటి.

"ఇదేంటండీ?"

"మూడో రెప్ప. కుక్కలకి ఉంటుంది."

ఇన్నేళ్ళు ఇంట్లో తిరిగిన కుక్క. దానికి మూడో రెప్ప ఉందని అతనికి తెలియదు.

ఆ రెప్ప వెనక నుంచి పటకారు ఒకదాన్ని బయటికి తీసింది. తెల్లటి దూది మీద పెట్టింది. గడ్డి గింజ. కొనకి సన్నటి ముల్లు. గోరులో సగం కూడా లేదు. మసి రెప్ప కొట్టినప్పుడల్లా అది కంటిని గీరుతూ వచ్చింది.

వెలుగు కాదు. గడ్డి.

వెనక తలుపు గుర్తొచ్చింది వెల్డరుకి. తాను తీసిన తలుపు.

డాక్టరమ్మ మళ్ళీ టార్చి వేసి చూసింది. చూసి, దీపం వెలిగించి, అతని వైపు తిరిగింది.

"గింజ గీరితే గీత పడాలి. ఇంత వెడల్పు, ఇంత లోతు... ఇంత తొందరగా ఎందుకైందో నాకు అర్థం కావట్లేదు. ఏదైనా వేసి ఉంటే ఇప్పుడే చెప్పండి. కోప్పడటానికి అడగట్లేదు. లోతుకి దిగితే కన్ను తీసేయాల్సి వస్తుంది."

బల్ల కాలి అతుకు అక్కడే ఉంది. ఈసారి అది సాయం రాలేదు.

వెల్డరు చొక్కా జేబులోంచి సీసా తీశాడు. పొద్దుట్నుంచీ అది అక్కడే ఉంది. గడ్డి గింజ పక్కన పెట్టాడు.

డాక్టరమ్మ సీసా మీద పేరు చదివింది.

"మంచి మందే" అంది. "పుండు లేని కంటికి. వాపు తగ్గిస్తుంది, ఎరుపు లాగేస్తుంది. పుండున్న కంట్లో పడితే పుండుని మాననివ్వదు, లోపలికి దింపుతుంది."

"ఎరుపు తగ్గిందండీ మొదట్లో..."

"తగ్గుతుంది. చూసేవాళ్ళు మోసపోయేది అక్కడే."

సీసా మూత బిగిస్తూ అంది. "మీ కంటికి కూడా అడక్కుండా వేసుకోవద్దు."

అతను తల వంచుకున్నాడు. సిగ్గేసింది. బాగా సిగ్గేసింది. దానికన్నా ఎక్కువగా భయమేసింది.

"చూపు ఉంటుందా అండీ?"

"ముందు పుండు మానాలి. మానాక ఎంత మచ్చ మిగులుతుందో చూడాలి. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

ఇల్లు చేరాక కొత్త బతుకు మొదలైంది.

మసి మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటు. దాంతో తలుపులకి తగులుకుంటుంది, ఊచలకి తగులుకుంటుంది, నీళ్ళ గిన్నెని తోసుకుంటూ షెడ్డంతా తిరుగుతుంది. సైకిల్ షాపాయన వచ్చి చూసి, "గ్రామఫోను గొట్టంలా ఉందే, పాటలేమన్నా వినపడతాయా అందులో?" అన్నాడు. వెల్డరు నవ్వలేదు. తన సాక్ష్యం సంగతి గుర్తొచ్చిందేమో, ఆయన కూడా తర్వాత నవ్వలేదు.

కాచి చల్లార్చిన నీళ్ళు. దూది. కంటి లోపలి మూల నుంచి బయటికి తుడవాలి. ఒకసారి వాడిన దూది మళ్ళీ ముట్టకూడదు. మంచి కంటికి వేరే దూది. సూక్ష్మక్రిములకి ఒక చుక్క, నొప్పికి ఒక చుక్క, మధ్యలో కాస్త ఎడం. చుక్క ఎదురుగా తెస్తే కుక్క బెదురుతుంది. వెనక కూర్చుని, గడ్డం ఎత్తి, పైనుంచి వదలాలి. సీసా మూతి కంటికి తగలకూడదు. డాక్టరమ్మ చెప్పినవన్నీ అతను మనసులో అప్పజెప్పుకున్నాడు.

అతని చెయ్యి మంచి చెయ్యి. గీత గీసినట్టు అతుకు వేస్తాడని పేరు. ఆ చేతికి ఇప్పుడు ఒక్క చుక్క గురి కుదరలేదు.

ఇనుము కదలదు. కుక్క కదులుతుంది.

మొదటి చుక్క ముక్కు మీద పడింది. రెండోది గరాటులో. మూడోది కంట్లో. మసి రెప్పలు కొట్టుకుంది. ఆ తర్వాత తల వెనక్కి వాల్చి, గరాటుతో సహా, అతని ఒళ్ళో పెట్టి పడుకుంది. కంట్లో విషం పోసింది ఈ చెయ్యే, మందు పోసిందీ ఈ చెయ్యే. దానికి రెండూ ఒకటే.

"పడుకోరా" అన్నాడు.

షెడ్డు మూసే ఉంచాడు. గేటు కోసం వచ్చినాయన తిట్టుకుంటూ వెళ్ళాడు.

కన్ను తుడవడం... చుక్క... ఎడం... ఇంకో చుక్క. పచ్చగా కారడం తగ్గింది. పొర మాత్రం అలాగే ఉంది.

ఇంటావిడ మధ్యాహ్నం బండికి దిగింది.

గడపలో సంచి పెట్టింది. మసి గరాటుతో ఊచలన్నీ గుద్దుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ఆవిడ కింద కూర్చుండిపోయింది. గరాటులోకి మొహం పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

వెల్డరు నిలబడే చెప్పాడు. చేతిలో ముసుగు ఉంది — ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియదు. తలుపు సంగతి చెప్పాడు. గడ్డి సంగతి చెప్పాడు. సీసా, ఫోనులో అబద్ధం, బల్ల దగ్గర అబద్ధం... అన్నీ వరసగా చెప్పాడు. కన్ను దక్కుతుందో లేదో తెలియదని కూడా చెప్పాడు. తేలు కుట్టిన దొంగలా దాచుకున్నదంతా బయటపడ్డాక ఒళ్ళు తేలికవుతుందనుకున్నాడు. కాలేదు.

తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"గింజ పడిందని ఎందుకు తట్టలేదు?" అంది. అడిగినట్టు లేదు, తనలో తనే అనుకున్నట్టుంది.

"వెలుగు చూసిందనుకున్నానే. పొద్దస్తమానం షెడ్డులోనే పడుంటుందిగా. ఎప్పుడో చూసేసి ఉంటుందని..."

ఆవిడ తలెత్తింది. అతని మొహంలోకి చూసింది. వింతగా చూసింది, కోపంగా కాదు.

"వాడు వెలుగు చూడడండీ."

"అంటే?"

"మీరు 'కళ్ళు' అని అరుస్తారు కదా. అరవగానే లేచి గోడవైపు తిరిగి కూర్చుంటాడు. వెలుగు ఆగేదాకా ఇటు తిరగడు. చిన్నప్పట్నుంచీ అంతే. నేను నేర్పలేదు. మీ మాట విని వాడే నేర్చుకున్నాడు."

ఆవిడ గరాటులోకి చెయ్యి పెట్టి మసి చెవి నిమిరింది.

"మీకు తెలీదా?"

వెల్డరు చేతిలో ముసుగు వైపు చూసుకున్నాడు.

"నేను ఇది దించేసుకుంటానుగా" అన్నాడు.

ఆవిడ సంచి తీసుకుని లోపలికి వెళ్ళింది. వంటింట్లో గిన్నెల చప్పుడు. కాసేపటికి ఆ చప్పుడు కూడా ఆగింది. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

చుక్కలు వేసే వేళకి ఆవిడే వచ్చి మసి గడ్డం పట్టుకుంది. అతను మందు వదిలాడు. మొదటి చుక్కే కంట్లో పడింది.

పచ్చటి మడుగు చిన్నదవుతోందని డాక్టరమ్మ చెప్పింది. మళ్ళీ రమ్మంది. పొర సంగతి ఇంకా చెప్పలేనంది. టార్చి అటూ ఇటూ తిప్పి, ఆ కంటి ముందు దూది ముక్క జారవిడిచి చూసింది. మసి దాన్ని చూసిందో, గాలి కదలిక విందో... "ఇంకొన్నాళ్ళు ఆగుదాం" అంది.

కన్ను తీసేసే మాట మాత్రం ఆ రోజు అనలేదు. వెల్డరూ, ఇంటావిడా దారి పొడుగునా ఆ మాటే తలుచుకుంటూ ఇంటికొచ్చారు.

వెనక ఖాళీ స్థలంలో గడ్డి కోయించాడు. కోశాక చూస్తే, స్థలం ఇంత చిన్నదా అనిపించింది.

షెడ్డు తెరిచాడు. అలిగి వెళ్ళిన గేటాయన తిరిగొచ్చి నిలబడ్డాడు. సైకిల్ షాపాయన కూడా వచ్చాడు, మాట్లాడుతూనే. ఇంటావిడ గడపలో ఉంది. మసి ఎప్పటిలాగే బొగ్గుల బస్తా పక్కన, గరాటు ఒక్కటే తెల్లగా.

వెల్డరు రాడ్డు బిగించాడు. ఊచ మీద ఊచ ఆనించాడు.

"కళ్ళు!"

గేటాయన తిరిగాడు. సైకిల్ షాపాయన తిరిగాడు. ఇంటావిడ తిరిగింది.

వెల్డరు ముసుగు దించలేదు.

అన్నేళ్ళలో ఆ వరస తప్పడం అదే మొదలు. ముసుగు నుదుటి మీదే ఉంది. రాడ్డు గాల్లో ఉంది. అతను చూస్తున్నాడు.

మసి లేచింది. గరాటు ఊచకి తగిలి టప్‌మంది. ఒళ్ళు విదిల్చుకుంది. తీరుబడిగా, ఎన్నాళ్ళ నుంచో చేస్తున్న పని చేసినట్టు, మొత్తం వెనక్కి తిరిగింది. గోడ ముందు కూర్చుంది. గరాటు అంచు సున్నం పెచ్చులకి ఆనింది. రెండు చెవులూ నిక్కబొడుచుకుని, వెలుగు కోసం ఎదురుచూసింది.

అతను కేక వేసింది అందరికీ. తు.చ. తప్పకుండా పాటించింది వాడు.

చెవితో విన్నాడు, తిరిగాడు. కంటితో కాదు. కాబట్టి కన్ను సంగతి దాని వల్ల తేలేదేమీ లేదు. ఆ విషయం వెల్డరుకి తెలుసు. తెలిసీ అలాగే చూస్తూ నిలబడ్డాడు.

"ఏమయ్యా, తిరగమంటావా ఇటు?" అన్నాడు సైకిల్ షాపాయన, గోడతోనే.

"ఉండు" అన్నాడు వెల్డరు.

ముసుగు దించుకున్నాడు. చీకటి. రాడ్డు తగిలించాడు. చీకట్లో ఒక్క చుక్క వెలుగు.

వెనక, అతనికి కనపడనిచోట, గోడ మీద నీలం వణికింది. గరాటు నిండా నీలం. ఆ నీలం మధ్యలో ఒక కన్ను తెరుచుకుని ఉంది, దాని పక్కనే ఇంకొకటి...

మళ్ళీ మామూలు గోడ.

మళ్ళీ నీలం.